వెన్ను దెబ్బతిన్నవారి పుండుకు వీడియో వైద్యం: సరిహద్దు అడ్డు కాదు, భాషే అడ్డు

వెన్నెముక దెబ్బతిని కాళ్లలో చలనం, స్పర్శ పోయినవారు ఉన్న ఇంట్లో అందరికీ భయం పడక పుండు గురించే. నొప్పి తెలియదు కాబట్టి పిరుదుల దగ్గరో, నడుము కింది ఎముక మీదో, మడమ మీదో చర్మం చితుకుతున్నా మనిషికి తెలియదు. బయటపడేసరికి పుండు లోతుకు పోయి ఉంటుంది. మానడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లో చూపించడానికని గంటల తరబడి బస్సులోనో ఆటోలోనో కూర్చోబెట్టి తీసుకెళ్తే, ఆ కూర్చోవడమే పుండును మళ్లీ రేపుతుంది. అందుకే వీడియోలో డాక్టరుకు చూపించుకునే పద్ధతి వీరికి నిజంగా అవసరం.

చట్టం దారి ఇచ్చింది. 2020 మార్చి 25 నాటి కేంద్ర టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టరు దేశంలో ఏ రాష్ట్రంలోని రోగికైనా సలహా ఇవ్వవచ్చు. రోగి అనుమతితో ఇంట్లోవారు మాట్లాడవచ్చు. నర్సు గానీ ఆరోగ్య కార్యకర్త గానీ పక్కన ఉండి చూపించవచ్చు. అంటే హోసూరు కుటుంబం కర్నూలు డాక్టరుతో, రాయగడ కుటుంబం విశాఖ డాక్టరుతో మాట్లాడడానికి రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు.

చిక్కంతా అమలులో ఉంది. ప్రభుత్వ ఉచిత సేవ ఈ-సంజీవని 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల ద్వారా మొదలైంది. ఇంటి నుంచే మాట్లాడే ఓపీడీ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. కానీ దాని ఏర్పాటు రాష్ట్రాల వారీగా ఉంది. తమిళనాట ఉన్నవారికి సాధారణంగా తమిళ డాక్టరు, ఒడిశాలో ఉన్నవారికి ఒడియా డాక్టరు తెర మీదికి వస్తారు. మన ఇళ్లలో చదువుకున్న పిల్లలకు ఆ భాషలు బాగానే వచ్చు. అయితే రోజూ కట్టు మార్చేది, పక్క తిప్పేది తల్లో భార్యో. సంతలో బేరానికి చాలిన భాష రసికీ చీముకూ తేడా చెప్పడానికి చాలదు. పుండును చూసేది ఒకరు, డాక్టరుకు చెప్పేది మరొకరు అయితే మధ్యలో అసలు సంగతి జారిపోతుంది. యానాం వారికి భాష చిక్కు లేదు, దూరమే చిక్కు: పాలనా కేంద్రం పుదుచ్చేరి వందల కిలోమీటర్ల అవతల ఉంది, కాకినాడ మాత్రం పక్కనే.

దూరం నుంచి ఇచ్చే సలహా ఫలిస్తుందా? భారత్, బంగ్లాదేశ్‌లలో ఇలాంటి 120 మందిపై జరిపి 2017లో ప్రచురించిన ఒక పరిశోధనలో, సగం మందికి వారానికోసారి చొప్పున 12 వారాలు ఫోన్లో సలహా ఇచ్చారు. పుండు సైజు తగ్గడంలో తేడా ఖాయంగా తేలలేదు. మరికొన్ని విషయాల్లో మాత్రం మేలు కనిపించింది. అది ఫోను, ఇది వీడియో. అయినా అందులో మనకు పాఠం ఉంది: సలహా ఇంటివారి సేవకు బలం ఇస్తుంది గానీ సేవకు బదులు కాదు. మంచం మీద రెండు గంటలకోసారి పక్క తిప్పడం, కుర్చీలో తరచుగా బరువు మార్చడం మానకూడదు.

వీడియోకు ఒక పెద్ద లాభం ఉంది. ఆసుపత్రిలో డాక్టరు పుండునే చూస్తారు. వీడియోలో దానికి కారణమైన పరుపును, చక్రాల కుర్చీని, దిండును కూడా చూపించవచ్చు. లోపమూ ఉంది. కెమెరాకు వాసన తెలియదు, లోతు తెలియదు. మొదట వచ్చే ఎరుపు మన చామనఛాయ చర్మం మీద సరిగా కనిపించదు. తాకి చూసి వేడిగా, గట్టిగా ఉంటే ఆ మాట చెప్పాలి. కాబట్టి:

1. పగటి వెలుతురులో, పుండు పక్కన స్కేలు పెట్టి, తేదీతో వారానికో ఫోటో తీయాలి.
2. వాసన, తడి, రంగు, జ్వరం వివరాలు కాగితం మీద రాసి ఉంచుకోవాలి.
3. ఆ ఫోటోలు డాక్టరుకే పంపాలి, బంధువుల వాట్సాప్ గ్రూపులకు కాదు. మనిషి మానం మనమే కాపాడాలి.
4. జ్వరం, చలి, దుర్వాసన, నల్లబారడం, ఎముక కనిపించడం ఉంటే వీడియో కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మెడ లేదా ఛాతీ పైభాగంలో దెబ్బ ఉన్నవారికి ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు, అది అత్యవసరం.

ఇక సంఘాలుగా మనం చేయవలసింది. ఈ-సంజీవనిలో రోగి తన భాషను ఎంచుకునే వీలు ఇవ్వాలని, ఆ భాష తెలిసిన డాక్టరు పొరుగు రాష్ట్రంలో ఉన్నా కలపాలని అడగాలి. తమిళనాడు 2021 ఆగస్టులో మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’ సిబ్బంది ఇళ్లకే వస్తారు. అలాంటి వారి చేతిలో ఫోను ఉండి, అవతల తెలుగు డాక్టరు ఉంటే సగం కష్టం తీరుతుంది. అర్జీలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షను తప్పక రాయండి. వైద్యం దగ్గర్లో అందించే బాధ్యతను అది ప్రభుత్వాల మీద పెట్టింది. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి ఫైళ్లు చూసినవాళ్లం మేము. సెక్షను నంబరు లేని అర్జీ ఎక్కడ ఆగుతుందో మాకు తెలుసు.

ఈలోగా ప్రతి ఊరి సంఘం తెలుగు వచ్చిన రిటైర్డు నర్సుల, స్మార్ట్‌ఫోను వాడగల యువకుల జాబితా ఒకటి తయారు చేసుకోవాలని మనవి. మా సంఘంలో ఆ పని మొదలుపెడుతున్నాం.