సహపంక్తిభోజనమును జూబిలీహిల్సును

హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు అను పేటలో ఎచ్చట తినవలెను, ఎచ్చట త్రాగవలెను అను ప్రశ్నకు సమాధానము చెప్పువారు నేడు కొల్లలు. పత్రికల ఆదివారపు పుటలయందును, చేతిలోని ఫోనులయందును జాబితాలు వచ్చుచునే యున్నవి. ఈ వారము తెఱచిన కాఫీశాల యేదో, 36వ నెంబరు రోడ్డుమీద కూర్చుండుటకు ఇంపైన మేడ యేదో, 45వ నెంబరు రోడ్డుమీది యే పబ్బులో ఏ రాత్రి సంగీతముండునో అన్నియు అందు దొరకును. వంటల రుచికి, దీపముల కాంతికి, గోడల రంగుకు మార్కులు వేయుచున్నారు. మార్కులు వేయుట మా వృత్తియే గనుక ఆ పనిని మేము తప్పుపట్టము. కాని ఆ తలుపు ఎవ్వరికి తెఱవబడును, ఎవ్వరికి మూయబడును అను విషయమునకు మాత్రము ఏ జాబితాలోను మార్కులు లేవు.

బడిపంతులికి ఈ భోజనశాలల గొడవ యేల యని కొందఱు నవ్వవచ్చును. మాకు పని కలదు. ఇరువది యేండ్లుగా మేము పాఠములు చెప్పిన పిల్లలు ఆ తలుపునకు ఇరుప్రక్కలను ఉన్నారు. కొందఱు లోపల చల్లని గాలిలో కూర్చుండి ఒక్క సాయంకాలమున వేలకొలది రూపాయలు వెచ్చించుచున్నారు. కొందఱు వెనుకటి వంటింటిలో గిన్నెలు తోముచున్నారు. మఱికొందఱు ఎఱ్ఱచొక్కాయో నారింజరంగు చొక్కాయో తొడుగుకొని, ఎవరికో చేర్పవలసిన పొట్లము కొఱకు గుమ్మము బయట ఎండలో నిలుచుచున్నారు. వీరందఱును మా బడి వసారాలో ఒకే వరుసను కూర్చుండి మధ్యాహ్నభోజనము తిన్నవారు. ఆ వరుసను చెదరగొట్టిన దేది యని అడుగుటకు మాకు హక్కు లేదా?

పంక్తి యనునది మనకు చిన్నమాట కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపించిరి. అందు పాల్గొన్నవారికి వెలి తప్పలేదు. వెలి యనగా నేమి? నీతో కలిసి తినము, నీ చేతినీరు త్రాగము అనుటయే కదా. 1917లో కేరళదేశమున చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ భిన్నకులములవారిని కలిపి మిశ్రభోజనము పెట్టగా, స్వకులమువారే ఆయనను పులయన్ అయ్యప్పన్ అని యెగతాళి చేసిరి. ఆయన ఆ పేరును బిరుదుగా స్వీకరించెను. ఈ చరిత్ర యంతయు ఎఱిగినవారు గనుకనే రాజ్యాంగనిర్మాతలు 15వ అధికరణములోని రెండవ ఖండమున దుకాణములను, భోజనశాలలను, హోటళ్లను, వినోదస్థలములను పేరుపెట్టి వ్రాసిరి. 1948 నవంబరు 29వ తేదీన సభలో చర్చ జరిగినప్పుడు, దుకాణము అను మాటను విశాలార్థమున గ్రహింపవలెననియు, సొమ్ము పుచ్చుకొని సేవ చేయు ప్రతివాడును అందులోనికి వచ్చుననియు అంబేడ్కరుగారు వివరించిరి. పిమ్మట వచ్చిన 1955 నాటి చట్టము, 1976లో పౌరహక్కుల రక్షణచట్టమని పేరు మార్చుకొన్నది, హోటలులో ప్రవేశమునే కాక అచ్చటి గిన్నెలను, పాత్రలను వాడుకొను హక్కును కూడ చెప్పినది. గ్లాసు సంగతి చట్టములో వ్రాయవలసివచ్చిన దేశము మనది. అట్లు వ్రాసిన తర్వాత కూడ తెలుగుపల్లెల టీకొట్లలో రెండుగ్లాసుల పద్ధతి చాలకాలము సాగినది.

హైదరాబాదున ఈ గ్లాసు సమస్యను, చట్టము రాకముందే, ఉపన్యాసము లేకుండ కొంతవఱకు తీర్చినవారు ఇరానీలు. పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలోను పారసీకదేశమునుండి బొంబాయి, పూనా, హైదరాబాదులకు వచ్చి వారు వీథిమూలలలో చాయ్‌ఖానాలు పెట్టిరి. తేయాకు డికాక్షను మూతవేసిన పాత్రలో సన్నని సెగమీద మఱుగుచుండును. పాలు వేఱుగా చిక్కబడువఱకు కాగుచుండును. ఆ రెండును కలియునది కప్పులోనే. ఆ కప్పు పింగాణిది. రిక్షా త్రొక్కువాడు త్రాగి పెట్టిన కప్పును కడిగి తెచ్చి వకీలు ముందు పెట్టుదురు; వకీలు త్రాగును. ఆ కప్పు అంతకుముందు ఎవరి పెదవుల నంటినదో అతడు అడుగడు; అడిగినను చెప్పువారు లేరు. ఒక కప్పుతో, రెండు ఉస్మానియా బిస్కత్తులతో గంటసేపు కూర్చుండవచ్చును. కూర్చున్నవాని కులమును గాని, కొలువును గాని, చెప్పులను గాని ఎవ్వరును చూడరు. ఏ సంస్కరణసభయు సాధింపలేని పనిని ఒక కడిగిన కప్పు సాధించినదని మా యభిప్రాయము.

వానిలో దోషములు లేవని కాదు. ఆ బల్లలచుట్టు స్త్రీలు బహు అరుదు. వారికొఱకు తెరవేసిన మూల యొకటి యున్నను, తెర తెరయే. కప్పులు కడుగు బాలుడు చాలచోట్ల బడిలో నుండవలసినవాడు. అయినను ఆ పింగాణికప్పు గొప్పతనము తగ్గదు. ఆబిడ్సులో 1935 నాటి గ్రాండ్ హోటలు, చార్మినారు చెంతను నిమ్రా వంటివి పేరు నిలుపుకొన్నవి గాని, ఎన్నియో చాయ్‌ఖానాలు మూతపడినవి. వీథిమూలల స్థలములకు వెల పెరిగినది, యజమానుల బిడ్డలు ఇతర వృత్తులకు పోయిరి. ఒక కప్పుతో గంట కూర్చుండువానివలన నేటి అద్దె గిట్టదు కదా.

ఇక జూబిలీహిల్సు. 1960 దశకమున చల్లగళ్ల నరసింహారెడ్డిగారు గృహనిర్మాణ సహకారసంఘము పెట్టి ఈ రాళ్లగుట్టలను ఇండ్లస్థలములుగా మార్చిరి. సహకారము అను మాటను చదువరులు గుర్తుంచుకొందురు గాక. ప్రక్కనున్న బంజారాహిల్సుకు, అచ్చట మునుపు నివసించిన లంబాడీల పేరు మిగిలినది. 2019లో మెట్రోరైలు 36వ రోడ్డు నెత్తిన నడవసాగెను. 2020 సెప్టెంబరులో దుర్గముచెఱువుమీది తీగలవంతెన తెఱవబడి, 45వ రోడ్డునకు మాదాపురమును, ఆవలి కార్యాలయములను దగ్గఱ చేసినది. కాపురములున్న యిండ్లు ఒక్కొక్కటిగా భోజనశాలలైనవి. అందు మాకు దుఃఖము లేదు. పదిమంది కూర్చుండి తినుచోటు పెరిగినచో నగరమునకు మేలే. కాని ఏ పదిమంది?

మేమును, సంస్కృతోపాధ్యాయులైన మా మిత్రులొకరును ఒక సాయంకాలము అట్టి యొకచోటికి పోయితిమి. మా మిత్రులు పంచె కట్టుదురు, తోలుచెప్పులు తొడుగుదురు. కావలివాడు చేతులు జోడించి ఆపెను. “సార్, మా నాయన కూడ పంచెయే కట్టును. నన్నేమీ అనుకోకండి, లోపలివాళ్ల రూలు” అనెను. అతనిని మేమేమియు ననలేదు. తన తండ్రి రాలేని తలుపును కాయుటకు అతనికి జీతమిచ్చుచున్నారు. అంతకంటె మేము చెప్పగల కఠినవాక్యమేమున్నది? 2014 జులైలో చెన్నపట్టణమున ఒక క్లబ్బువారు పంచె కట్టిన హైకోర్టు న్యాయమూర్తిని లోనికి రానీయకపోగా, ఆ యేడే తమిళనాడు శాసనసభ ఇట్టి నిషేధములను తొలగించుచు చట్టము చేసినది. 2024 జులైలో బెంగుళూరున ధోవతి కట్టిన రైతును ఒక మాలువారు ఆపగా, ప్రభుత్వము దానిని కొన్నిదినములు మూయించెను. న్యాయమూర్తికైనను, రైతుకైనను జరిగిన అవమానము ఒక్కటే. అయితే న్యాయమూర్తిని ఆపినవారికి మాత్రమే ఒక శాసనము సమాధానముగా వచ్చినదనుట గమనింపదగినది.

పంచె నిషేధింపబడినది రాజ్యాంగములో లేదు గదా, మతము జాతి కులము లింగము జన్మస్థలము మాత్రమే కదా అందున్నవి, అని వాదించు న్యాయవాదులు కలరు. సరియే. మఱి కొన్ని పబ్బులలో జంటలకే ప్రవేశము, ఒంటరి పురుషులకు లేదు అను నియమమున్నది. స్త్రీ తోడులేని పురుషుడు లోనికి రాకూడదనుట లింగభేదము కాక మఱేమి? స్త్రీల రక్షణకొఱకే యందురు. రక్షణ కావలెనన్న దుండగీని బయటికి పంపవలెను గాని, పురుషుని చేయిపట్టి వచ్చిన స్త్రీని ప్రవేశపత్రముగా వాడరాదు.

తలుపు దాటినవానికి కూడ చిక్కులున్నవి. వంటకముల పట్టీ కాగితముపై నుండదు. బల్లమీద అంటించిన నల్లచుక్కల చదరమును ఫోనుతో చూపినగాని అది కనబడదు. కనబడినను ఇంగ్లీషులోనే యుండును. ధర బయట తెలియదు. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటియింటి వర్ణన యున్నది. రూక యిచ్చినచో ఏ భోజనము దొరకునో బాటసారికి ముందే తెలియును! కాకతీయులనాటి పూటకూళ్లవారికున్న సౌజన్యము నేటి మేడలవారికి లేకపోయెను. నీరడిగినచో సీసా తెచ్చిపెట్టుదురు. సీసామీద ముద్రించిన ధరకంటె హోటళ్లవారు ఎక్కువ పుచ్చుకొనవచ్చునని 2017 డిసెంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది గనుక చట్టము వారి ప్రక్కనే యున్నది. సేవారుసుమును అడుగకయే లెక్కలో కలుపరాదని మాత్రము 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణాధికారసంస్థ ఆదేశించగా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28వ తేదీన దానిని సమర్థించినది. ఆ రుసుమును తీసివేయుమని అడుగుటకు లజ్జించు పెద్దమనుష్యులను మేమెఱుగుదుము. లేనివాడు తలుపుకడ ఆగిపోవును. ఉన్నవాడు లోపల నోరు మూసికొనును.

తినుబండముల సంగతి మఱింత వింత. జొన్నరొట్టె, రాగిసంకటి, సజ్జ, కొఱ్ఱ ఇప్పుడు మేడలమీద దొరకుచున్నవి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యసంవత్సరముగా ప్రకటించినది మొదలు వీనికి మర్యాద మఱింత పెరిగినది. సంతోషమే. అయితే సాయంకాలమున నగరపు వీథులప్రక్కను కట్టెలపొయ్యి పెట్టి, తడిచేతులతో తట్టి జొన్నరొట్టెలు కాల్చు స్త్రీలున్నారు. వారి రొట్టెయు ఈ రొట్టెయు ఒకే పిండి. ఒకదానికి వెండిరంగు పళ్లెము, పాతకాలపు పల్లెపటము తగిలించిన గోడ. మఱియొకదానికి పోలీసుల లాఠీ భయము. పల్లెపటము గోడకెక్కవచ్చును గాని పల్లెటూరివాడు కుర్చీ యెక్కరాదు.

పానముల విషయమున మేము మద్యమునకు ఏ రూపమునను స్నేహితులము కాము; కల్లుపాకయైనను, పబ్బైనను మా శిష్యులు పోకుండుటయే మాకిష్టము. కాని తక్కెడ ఒకటే యుండవలెను. నగరములో కల్లుదుకాణములు 2004లో మూయబడి 2014లో తిరిగి తెఱవబడినవి. వాని పేరెత్తినచో పేదవాని దుర్వ్యసనమందురు. 45వ రోడ్డుమీద కాచుకొన్న బీరు త్రాగినచో నగరజీవనసౌందర్యమందురు. 2025 జులైలో కూకటుపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి ప్రాణములు పోగొట్టుకొన్నవారు, పరీక్షించిన పానీయము కొనగల స్తోమతు లేనివారు. వారి పేటకు ఎచ్చట త్రాగవలెనను జాబితా ఎవ్వరును వ్రాయలేదు.

పొట్లములు మోయువారిని మరల తలచుకొందము. వారు మోయు అన్నమును తినువారు ముట్టుకొందురు గాని, మోయువారిని కుర్చీపై కూర్చుండనీయరు. కొన్నిచోట్ల వారికి వేఱు ద్వారము, వేఱు లిఫ్టు. 2024 మార్చిలో జొమాటో సంస్థ శుద్ధశాకాహారము మోయువారికి వేఱు దండును, ఆకుపచ్చ చొక్కాలను ప్రకటించి, గగ్గోలు పుట్టగా మఱునాడే ఆ చొక్కాలను మానుకొన్నది. చొక్కారంగునుబట్టి ఎవడు ఏ గుమ్మము త్రొక్కవచ్చునో నిర్ణయించు ఆలోచన ఏనుగంత పాతది. ఫోనులోనికి వచ్చుటచేత క్రొత్తది కాజాలదు.

ఈ పేటకు ఆనుకొనియున్న మాదాపురమున 2024 జనవరిలో, రోడ్డుప్రక్కను భోజనమమ్ము ఒక స్త్రీ బండిని రాకపోకలకడ్డమని పోలీసులు తీయించిరి. జనము గగ్గోలు పెట్టగా ముఖ్యమంత్రి జోక్యముతో ఆమె తిరిగి వచ్చినది. ఆమెకు దక్కినది దయ, కావలసినది హక్కు. 2014 నాటి వీథివర్తకుల చట్టము ఆ హక్కును వ్రాసియే యున్నది. వర్తకుల లెక్క పూర్తియగువఱకు ఎవ్వరిని తొలగింపరాదనియు, స్థలములు నిర్ణయించు సంఘమున నూటికి 40 మందికి తక్కువ కాకుండ వర్తకులే యుండవలెననియు అందున్నది. కార్లు బారులు తీర్చి సగము రోడ్డు నాక్రమించు భోజనశాలలవలన రాకపోకలు ఆగవట. ఒక బండివలన ఆగునట!

అద్దెలు లక్షలలో ఉన్నవి, మా యాస్తి మా యిష్టము, లేనివారు రానక్కఱలేదు అని యజమానులు చెప్పుదురు. ధర ఎక్కువ పెట్టుకొనుటకు మా యాక్షేపణ లేదు. పట్టుచీర కొట్టులో పట్టు ధరయే యుండును. ధర చెల్లించుటకు సిద్ధపడినవానిని బట్టను, చెప్పును, ఒంటరితనమును చూపి త్రిప్పిపంపుట వర్తకము కాదు, వెలి. వచ్చినవానిని కాదని పంపకుండుట వ్రతమని తైత్తిరీయోపనిషత్తు చెప్పుచున్నది. అది ఇంటివానికి చెప్పిన మాట. సొమ్ము పుచ్చుకొని అన్నము పెట్టువానికి అంతటి వ్రతము అక్కఱలేదు, రాజ్యాంగము చాలును.

కావున ఆ జాబితాలు వ్రాయు యువకులను మేమడుగునది స్వల్పము. వచ్చువారము మీరు జూబిలీహిల్సుకు పోయినప్పుడు నాలుగు సంగతులు చూడుడు. గుమ్మము బయట తెలుగులోను ఉర్దూలోను ధరలున్నవా? అడుగగనే సీసా కాని మంచినీళ్లు గ్లాసుతో ఇచ్చుచున్నారా? పంచె కట్టినవాడును, ఒంటరిగా వచ్చినవాడును లోపల కనబడుచున్నారా? పొట్లము మోయువానికి నీడలో కుర్చీ యున్నదా? ఇంపైన దీపములకు పది మార్కులు వేసినచో వీనికి పదేసి వేయుడు. అట్టి జాబితా యొకటి వ్రాసి పంపినచో, వచ్చు సంచికలో ప్రకటింపుడని సంపాదకులను మేమే కోరెదము. అచ్చుచిత్తులు దిద్దు పని కూడ మాదే.