పెట్టె విప్పితే హక్కు పోతుందా?

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. బజారంతా కిటకిటలాడుతోంది. ఓ అత్తాకోడళ్లు రెండు సంచులతో ఆటో దిగారు. అత్తగారి సంచిలో కొత్త మిక్సీ. కోడలి సంచిలో కొత్త చీర. రెండూ మూడు రోజుల కిందట కొన్నవే. రెండూ వెనక్కి ఇవ్వడానికే తెచ్చారు.

మిక్సీ ఖరీదు 4,200 రూపాయలు. గారెలకని నానబెట్టిన మినప్పప్పు వేసి తిప్పితే జారు అడుగు నుంచి నీళ్లు కారాయి. గట్టిగా బిగించినా అంతే. రెండోసారి తిప్పేసరికి మోటారు దగ్గర కాలిన వాసన వచ్చింది. అత్తగారు భయపడి ప్లగ్గు పీకేశారు.

చీర కథ వేరు. కొట్లో ట్యూబులైట్ల వెలుగులో చిలకాకుపచ్చగా కనిపించింది. ఇంటికొచ్చి ఎండలో చూస్తే పసుపు కలిసినట్టుంది. కోడలికి నచ్చలేదు. చీరలో లోపమేమీ లేదు.

ముందు మిక్సీ కొట్టుకే వెళ్లారు.

‘‘పెట్టె విప్పేశారు కదమ్మా, వాడేశారు కూడా. ఇక మాకు సంబంధం లేదు. కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్లండి’’ అన్నాడు యజమాని.

‘‘విప్పకుండా బాగుందో లేదో ఎలా తెలుస్తుంది నాయనా?’’ అన్నారు అత్తగారు.

ఆయన మాట్లాడకుండా వెనక గోడ మీది బోర్డు చూపించాడు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. ఆవిడ ఇంకేమీ అనలేక సంచి సర్దుకున్నారు.

చీరల కొట్లో మాత్రం మర్యాద జరిగింది. ‘‘ట్యాగు ఉంది, ఫాల్ కుట్టించలేదు. అదే ధరలో ఇంకోటి చూసుకోండమ్మా. డబ్బులు మాత్రం తిరిగివ్వం’’ అన్నాడు గుమాస్తా. కోడలు నీలం చీర తీసుకుని సంతోషంగా బయటికొచ్చింది.

‘‘మంచి కొట్టంటే ఇదీ! వాపసు తీసుకోవడం, తీసుకోకపోవడం కొట్టువాళ్ల దయమీదే ఉంటుంది అమ్మాయ్’’ అన్నారు అత్తగారు, ఆటో ఎక్కుతూ.

మనలో చాలామంది అనుకునేదీ అదే. కానీ చట్టం దృష్టిలో సంగతి తలకిందులు. కోడలికి దొరికింది దయ. అత్తగారికి దొరకనిది హక్కు.

లోపం వేరు, నచ్చకపోవడం వేరు

వస్తువు వెనక్కి ఇవ్వాలనుకున్నప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే. అందులో లోపం ఉందా, లేక మనసు మారిందా?

రంగు నచ్చలేదు, సైజు సరిపోలేదు, ఇంట్లో ఇలాంటిదే ఇంకోటి ఉంది, పక్క కొట్లో వంద తక్కువకు ఇస్తున్నారు... ఇలాంటి కారణాలతో కొట్టుకు వెళ్లి కొన్న వస్తువును వెనక్కి తీసుకుని తీరాలని మన దేశంలో చట్టమేదీ చెప్పదు. కొట్టువాడు మార్చి ఇస్తే అది మర్యాద, వ్యాపారపు తెలివి. ‘వారంలోగా మార్చి ఇస్తాం’ అని బిల్లు మీద రాసి ఉంటే మాత్రం ఆ మాటకు అతను కట్టుబడాలి. అందుకే నచ్చకపోతే ఏమిటన్నది డబ్బు కట్టకముందే అడగాలి. కట్టాక అడిగితే బతిమాలడమే అవుతుంది.

లోపం సంగతి అలా కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. 1986 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడాన్ని అన్యాయపు వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే జాబితాలో ఉంది.

లోపమంటే పూర్తిగా పనిచేయకపోవడమే కాదు. నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ప్రమాణం... వీటిలో దేనిలో తక్కువైనా లోపమే. చీరకూ ఇది వర్తిస్తుంది. రంగు నచ్చకపోతే లోపం కాదు. చెప్పినట్టే ఉతికినా మొదటి ఉతుకుకే రంగు దిగిపోతే లోపం. స్వచ్ఛమైన పట్టని చెప్పి పాలిస్టరు కలిసినది అంటగడితే అది మోసం.

మరి విప్పేశాం కదా?

‘పెట్టె విప్పితే మాది కాదు’ అనే మాటకు చట్టంలో చోటు లేదు. ఇది కొత్తగా వచ్చిన సంగతి కూడా కాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టమే, కొనేముందు పరిశీలించని సరుకును సరిచూసుకునే అవకాశం దొరికే వరకూ కొనుగోలుదారు దాన్ని అంగీకరించినట్టు కాదని చెప్పింది. సీలు వేసిన పెట్టెలోని మిక్సీని పప్పు వేసి తిప్పితేనే కదా సరిచూసినట్టు! అత్తగారు అడిగిన ప్రశ్నే 1930లో చట్టం చేసినవాళ్లూ వేసుకున్నారన్నమాట.

గోడ మీద బోర్డుకూ అంతే విలువ. ‘వాపసు లేదు’ అని రాసినంత మాత్రాన చట్టమిచ్చిన హక్కు పోదు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో అచ్చు వేసినా ఇదే వర్తిస్తుంది. ఇలాంటి రాతలను వినియోగదారుల కమిషన్లు తప్పుపట్టిన సందర్భాలున్నాయి.

అయితే వినియోగదారుకూ ఓ బాధ్యత ఉంది. కింద పడేసి పగలగొట్టుకున్నదాన్ని లోపమంటే కుదరదు. లోపం కనిపించగానే వాడకం ఆపాలి. నెలల తరబడి వాడి, గ్యారంటీ ముగిసే రోజున గుర్తుతెచ్చుకుంటే వాదన బలహీనపడుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే

ఇంటికి తెప్పించుకునే సరుకులకు 2020లో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. వస్తువు లోపంతో వచ్చినా, ప్రకటనలో చూపినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. అయితే ఆలస్యానికి తుపాను లాంటి, చేతిలో లేని కారణాలుంటే మినహాయింపు ఉంది. వాపసు నిబంధనలు ముందే కనిపించేలా ఉంచాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి. నెలలోగా పరిష్కరించాలి.

పార్సిలు విప్పుతూ వీడియో తీయడం ఇప్పుడు చాలా ఇళ్లలో అలవాటైంది. చట్టం వీడియో కావాలని అడగలేదు. ఉంటే మాత్రం మన మాటకు సాక్ష్యం దొరికినట్టే. పెట్టెలో ఫోనుకు బదులు సబ్బు బిళ్ల వచ్చిందని నోటితో చెబితే నమ్మించడం కష్టం కదా.

కొట్టువాడు వినకపోతే

మొదటి మెట్టు రాతపూర్వకంగా అడగడం. ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, లోపమేమిటి, ఏం కోరుతున్నారు... ఇవన్నీ ఓ కాగితం మీద రాసి, బిల్లు నకలు జతచేసి ఇవ్వాలి. ఇంకో ప్రతి మీద అందినట్టు సంతకమో స్టాంపో తీసుకోవాలి. ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపాలి.

రెండో మెట్టు 1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇది కోర్టు కాదు. ఫిర్యాదును కంపెనీ దృష్టికి తీసుకెళ్లి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది. చాలా తగాదాలు ఇక్కడే తెగిపోతాయి.

మూడో మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. పాతవాళ్లు ఫోరం అనేది దీన్నే. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకూ ఉన్న కేసులు ఇక్కడికే వస్తాయి. ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వస్తువు ఎక్కడ కొన్నా, ఫిర్యాదుదారు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. తగాదా మొదలైన రోజు నుంచి రెండేళ్లలోగా వేయాలి. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు.

లోపం రుజువైతే బాగుచేయమనో, కొత్తది ఇమ్మనో, డబ్బు తిరిగివ్వమనో, నష్టపరిహారం కట్టమనో కమిషన్ ఆదేశించగలదు. ప్రయోగశాల పరీక్ష అవసరం లేని కేసులను మూడు నెలల్లో, అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకన్నా ఆలస్యం కావడమూ మామూలే. అందుకే మొదటి రెండు మెట్లను తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకో సంగతి. పెళ్లికి కానుకగా వచ్చిన గ్రైండరు పాడైతే, కొన్నవాళ్లే వెళ్లాలనేమీ లేదు. కొన్నవారి అనుమతితో వాడుకుంటున్నవారూ చట్టం ప్రకారం వినియోగదారులే.

మళ్లీ ఆ కొట్టుకే

ఈ సంగతులన్నీ కోడలు ఆ రాత్రే తెలుసుకుంది. మర్నాడు అత్తగారిని వెంటబెట్టుకుని మిక్సీ కొట్టుకు వెళ్లింది. గొడవ పడలేదు. గొంతు పెంచలేదు. తెల్లకాగితం మీద రాసిన ఉత్తరం, బిల్లు నకలు గల్లాపెట్టె మీద పెట్టి, రెండో ప్రతి మీద స్టాంపు అడిగింది.

యజమాని రెండుసార్లు చదివాడు. ‘‘ఇంతదూరం ఎందుకమ్మా, మనలో మనకి’’ అంటూనే డీలరుకు ఫోన్ చేశాడు.

కొత్త మిక్సీ కనుమ దాటాక గానీ రాలేదు. పండక్కి గారెల పిండి పక్కింటి గ్రైండరులోనే రుబ్బుకోవాల్సి వచ్చింది. అయినా అత్తగారికి గారెలు ఆ ఏడు మరీ రుచిగా అనిపించాయి. కొత్త మిక్సీ బిల్లును ఆవిడ రేషన్ కార్డు పక్కన భద్రంగా దాచుకున్నారు.

కొట్లో బోర్డు మాత్రం అలాగే ఉంది. దాన్ని చూసి వెనుదిరిగేవాళ్లు ఉన్నంతకాలం అది అక్కడే ఉంటుంది.