ఇంకా ఎన్ని పూతలు?

1981లో లాస్ ఏంజెలెస్‌కి రెండువందల ఏళ్లు నిండాయి. ఆ పండగకి ఊరి చరిత్రను పెద్ద కుడ్యచిత్రంగా గీయమని నగర పునరభివృద్ధి సంస్థ బార్బరా కరాస్కోకి పని అప్పజెప్పింది. ఆవిడ మెక్సికన్ అమెరికన్. అప్పటికింకా ఇరవైల్లో ఉంది. వేసవిలో పనికొచ్చిన కుర్రకారుని పోగేసుకుని గీసింది. ఎనభై అడుగుల పొడవు, నలభై మూడు పలకలు. ఒక ఆడమనిషి ముఖం, ఆ ముఖం వెనక అలలు అలలుగా పరుచుకున్న జుట్టు, ఆ జుట్టు పాయపాయలోనూ ఊరి కథ. బానిసత్వం నుంచి బయటపడి ఆ ఊళ్లో పెద్దమనిషిగా ఎదిగిన నల్లజాతి స్త్రీ బిడ్డీ మేసన్ ఒక పాయలో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో జపనీస్ అమెరికన్లను మూటాముల్లెతో సహా శిబిరాలకు తోలడం ఇంకో పాయలో ఉంది. 1943 జూన్‌లో నావికులు వీధుల్లో పడి జూట్ సూట్లనే వదులు దుస్తులు వేసుకున్న మెక్సికన్ కుర్రాళ్లను బట్టలూడదీసి కొడితే, పోలీసులు వచ్చి దెబ్బలు తిన్నవాళ్లనే లోపల వెయ్యడం మరో పాయలో ఉంది.

సంస్థ వాళ్లు చూశారు. పద్నాలుగు దృశ్యాలు తీసెయ్యమన్నారు. జపనీస్ శిబిరాలు వద్దు, జూట్ సూట్ల గొడవ వద్దు. పుట్టినరోజు నాడు చావుల సంగతి దేనికన్నట్టు. ఆవిడ తియ్యనంది. బొమ్మ గోడ ఎక్కలేదు.

పలకలన్నీ గోదాముకి చేరాయి. 1990లో యూనియన్ స్టేషన్‌లో కొద్దిరోజులు బయటికి తీశారు, 2017లో మళ్లీ అక్కడే ఇంకొద్దిరోజులు. 2020లో ఆ ఊరి నేచురల్ హిస్టరీ మ్యూజియం దాన్ని సొంతం చేసుకుంది. ఎప్పుడంటే అప్పుడు వెళ్లి చూసే చోట పెట్టింది 2024లో. అంటే నలభై మూడేళ్లకి.

నిజం చెప్పాలంటే ఆ రోజు వద్దన్నవాళ్ల మీద నాకు అంత కోపం లేదు. వద్దన్నవాడు కనీసం బొమ్మ చూశాడు. అది ఏం చెబుతోందో వాడికి తెలిసింది, తెలిసి జడుసుకున్నాడు. నా కడుపుమంట ఆ తర్వాతి నలభై మూడేళ్ల మీద. ఈ లోపల అధికారులు పోయారు, కొత్తవాళ్లు వచ్చారు. మెక్సికన్ మూలాలున్న మేయరే ఎనిమిదేళ్లు ఊరిని ఏలాడు. 2012లో ఆ పునరభివృద్ధి సంస్థనే ప్రభుత్వం రద్దు చేసి పారేసింది. వద్దనడానికి మనిషన్నవాడు మిగల్లేదు. అయినా బొమ్మ గోదాములోనే ఉంది. ద్వేషానికి ఎప్పుడో ఒకప్పుడు అలుపొస్తుంది, పట్టనితనానికి అలుపెక్కడిది? దాన్ని ఎవరూ మోయక్కర్లేదు, అది తనంతట తానే సాగిపోతుంది.

కరాస్కో గీసిన ఆ జుట్టులో ఒకచోట ఇంకో కుడ్యచిత్రం కూడా కనిపిస్తుంది. దానికి తెల్లరంగు పూసి చెరిపేస్తున్న ఘట్టం అది.

ఆ సంగతి 1932 నాటిది. మెక్సికో నుంచి వచ్చిన చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్‌ని ఓల్వేరా స్ట్రీట్‌లో ఇటాలియన్ హాల్ గోడ మీద బొమ్మ వెయ్యమన్నారు. పేరు కూడా వాళ్లే పెట్టారు, ఉష్ణమండల అమెరికా అని. కొబ్బరిచెట్లు, రామచిలకలు, పళ్లబుట్టలు, నవ్వే ఆడవాళ్లు వస్తారనుకున్నారు. ఓల్వేరా స్ట్రీటంటే టూరిస్టుల కోసం అప్పుడే కొత్తగా ముస్తాబు చేసిన మెక్సికన్ బజారు మరి. సికేరోస్ అడవీ శిథిలాలూ గీసుకుంటూ వచ్చి, నడిమధ్య మాత్రం ఖాళీ ఉంచాడు. ఆవిష్కరణకి ముందు రాత్రి దాన్ని నింపాడు. తెల్లారి అక్టోబరు 9న జనం చూసింది జంట శిలువకి కట్టేసిన ఆదివాసీని, అతని నెత్తిమీద రెక్కలు విప్పుకుని కూర్చున్న అమెరికా గద్దని.

ఆ బొమ్మ ఉన్నపళంగా ఊడిపడింది కాదు. ఆ గోడకి కూతవేటు దూరంలో ప్లాసా అని పార్కుంది. 1931 ఫిబ్రవరి 26న అధికారులు దాన్ని నలుదిక్కులా మూసి, ఎండలో కూర్చున్న నాలుగొందలమందిని నిలబెట్టి కాగితాలడిగారు. ఆర్థికమాంద్యం రోజులు. తెల్లవాళ్ల ఉద్యోగాలు వీళ్లు తినేస్తున్నారని రైళ్లకి రైళ్లు నింపి మెక్సికోకి తోలుతున్న రోజులు. ఆ మరుసటేడే అదే మెక్సికన్ల బొమ్మని, అదే పేటలో, టూరిస్టుల కోసం అందంగా వెయ్యమన్నారు. మనుషుల్ని తరిమి వాళ్ల రంగులు మాత్రం ఉంచుకుందామన్న తెలివి చూశారా?

వీధిలోంచి కనపడే భాగానికి ఏడాది తిరక్కుండా తెల్లరంగు పూశారు. ఇంకొన్నేళ్లకి మొత్తానికీ పూశారు. సికేరోస్ వీసా పొడిగించలేదు. ముప్ఫై ఏళ్లు దాటాక ఎండకీ వానకీ ఆ పూత పెచ్చులూడి, కింద ఉన్న మనిషి నీడలా బయటపడడం మొదలైంది. అప్పుడు ఈస్ట్ లాస్ ఏంజెలెస్ మెక్సికన్ అమెరికన్ కుర్రకారు, తమని తాము చికానోలమని గర్వంగా చెప్పుకుంటున్న తరం, దాన్ని చూసి ఇది మా గోడ అంది. పెద్దవాళ్లకి అది బొమ్మగా కనపడడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. గెట్టీ సంస్థా నగరమూ కలిసి కోటి డాలర్ల దాకా పోసి, పైన కప్పు వేసి, 2012 అక్టోబరు 9న, సరిగ్గా ఎనభై ఏళ్లకి, జనానికి తెరిచాయి. పోయిన రంగులు తిరిగి వెయ్యలేదు, వెయ్యకూడదు కూడా. ఇప్పుడక్కడ ఉన్నది వెలిసిపోయిన ఆనవాలు. పూత పూయడానికి ఎంత ఖర్చయి ఉంటుంది? రెండు డబ్బాల రంగూ, ఒక కూలీ.

1972లో ఇంకో పూత. హ్యారీ గాంబోవా జూనియర్ అనే కుర్రాడు లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆర్ట్ మ్యూజియానికి వెళ్లి, మీ దగ్గర చికానోల కళ ఎందుకు లేదని అడిగాడు. చికానోలు కళ సృష్టించరు, ముఠాల్లో తిరుగుతారని ఒక క్యురేటర్ జవాబిచ్చాడని ఆయనే తర్వాత చెప్పాడు. సరే, ముఠావాళ్లు గోడల మీద పేర్లు రాస్తారు కదా. గాంబోవా, గ్రాంక్, విల్లీ హెరాన్ రాత్రికి రాత్రి వెళ్లి మ్యూజియం ముంగిట స్ప్రే పెయింటుతో తమ పేర్లు రాసొచ్చారు. చిత్రం కింద చిత్రకారుడు సంతకం పెడతాడుగా, ఇక మ్యూజియం మొత్తం తమ బొమ్మే అన్నట్టు. తెల్లారాక ఆ సంతకాల పైన పాట్సీ వాల్దెస్‌ని నిలబెట్టి ఫొటో తీశారు. మ్యూజియం వాళ్లు వెంటనే రంగు పూసి చెరిపేశారు. ఆస్కో అని పేరు పెట్టుకున్న ఆ నలుగురి పనితనాన్నంతా పోగుచేసి అదే మ్యూజియం ఘనంగా ప్రదర్శన పెట్టింది 2011లో. ముప్ఫై తొమ్మిదేళ్లు. వాళ్లకి జుట్టు నెరిసింది.

ఇప్పటికైనా గుర్తించారు కదా అంటారు కొందరు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గుర్తించింది ఎప్పుడు? ఆ బొమ్మ వల్ల ఎవరి కుర్చీ కదలదని నమ్మకం కుదిరాక. ముల్లు విరిచాక దండలో గుచ్చారు.

రూబెన్ సాలజార్ సంగతే చూడండి. లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికలో మెక్సికన్ అమెరికన్ల గోడు రాసిన విలేఖరి. 1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి మా బిడ్డల్నే ఎక్కువగా బలిస్తున్నారని ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో వేలమంది ఊరేగింపు తీశారు. పోలీసులు విరుచుకుపడ్డారు. సాలజార్ విటియర్ బులవార్డ్ మీద సిల్వర్ డాలర్ అనే బారులో కూర్చుని ఉండగా, షెరిఫ్ డెప్యూటీ లోపలికి పేల్చిన టియర్‌గ్యాస్ గుండు తలకి తగిలి చనిపోయాడు. ఎవరి మీదా క్రిమినల్ కేసు నడవలేదు. తర్వాత ఏం చేశారు? ఊరేగింపు చేరిన పార్కుకి ఆయన పేరు పెట్టారు. 2008లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఆ చావుని ఫ్రాంక్ రొమేరో 1986లో పెద్ద తైలవర్ణచిత్రంగా గీస్తే వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ ఆర్ట్ మ్యూజియం తీసుకుంది. పార్కుంది, స్టాంపుంది, బొమ్మ ఉంది. శిక్ష ఒక్కటే లేదు.

కుడ్యచిత్రాల రాజధాని అని పేరు పడ్డ ఈ ఊళ్లోనే, ప్రైవేటు భవనాల మీద కొత్త కుడ్యచిత్రాలు వెయ్యడం 2013 దాకా దాదాపు పదేళ్లు చట్టవిరుద్ధం. జూడీ బాకా అనే ఆవిడ 1976 నుంచి కొన్ని వేసవుల్లో కుర్రాళ్లను కూడగట్టి టుహంగా కాలువ కాంక్రీటు గోడ మీద అరమైలు పొడవున కాలిఫోర్నియా చరిత్ర గీసింది. నాలుగొందలమందికి పైగా పనిచేశారు. పోలీసు కేసుల్లో ఇరుక్కుని వచ్చిన పిల్లలే వాళ్లలో చాలామంది. పేదల పేటల్ని చీల్చుకుంటూ పోయిన ఫ్రీవేలు పాముల్లా మెలితిరిగి కుటుంబాల్ని విడదియ్యడం ఆ గోడ మీద చూడాలి. అంతటి మనిషి 1984 ఒలింపిక్స్ కోసం ఫ్రీవే పక్కన వేసిన ఇంకో చిత్రానికి, ఆడవాళ్ల మారథాన్ పరుగు అది, 2019లో పిచ్చిగీతలు తుడిచే పనివాళ్లు ఉత్తపుణ్యానికి రంగు పూసేశారు. ద్వేషమా? అబ్బే. పొరపాటున. ఎవరూ చూసుకోలేదట. 1932 నాటి బొమ్మని చెరపడానికి కుట్ర కావలసి వచ్చింది, 2019కి ఆ శ్రమ కూడా అక్కర్లేకపోయింది.

ఇంతకీ ఆ ఊరు ఎవరిది? 1781లో దాన్ని స్థాపించినవాళ్లు నలభై నలుగురు. మెక్సికో వైపు నుంచి నడిచొచ్చిన రైతు కుటుంబాలు. వాళ్లలో సగానికి పైగా ఆఫ్రికన్ రక్తం ఉన్నవాళ్లు, మిగతావాళ్లలోనూ ఎక్కువమంది ఆదివాసీలూ మిశ్రమ సంతతీ. 1848 దాకా ఆ ఊరు అధికారికంగా అమెరికాది కానే కాదు. ఆ నేల మీద వాళ్ల మునిమనవలు తాము ఎవరమో చెప్పుకోవడానికి గోడ అడుక్కోవలసి వచ్చింది.

దేశరాజధానిలో కథ ఇంతకన్నా సిగ్గుచేటు. 1994లో జాతీయ మ్యూజియాలు నడిపే స్మిత్‌సోనియన్ సంస్థ తానే వేసుకున్న కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం అన్న అర్థం వచ్చే పేరు దానికి శీర్షికగానే పెట్టారు. లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లని, అంటే లాటినోలని, ఈ సంస్థ దాదాపు పూర్తిగా వదిలేసిందని తేల్చారు. లాటినోలకి ప్రత్యేక మ్యూజియం పెట్టే సాధ్యాసాధ్యాలు చూడ్డానికి కమిషన్ వెయ్యాలని 2008లో చట్టం. 2011లో కమిషన్ నివేదిక. 2020 డిసెంబరులో బిల్లు సెనేట్‌కి వస్తే యూటా సెనేటరు మైక్ లీ ఒక్కడే లేచి అడ్డుపడ్డాడు. వర్గానికో మ్యూజియం పెడితే దేశం ముక్కలవుతుందట. ఆ నెలాఖరుకే బడ్జెట్ బిల్లులో కలిపి ఎలాగో గట్టెక్కించారు. 2023లో ప్రతినిధుల సభ కమిటీ దానికి డబ్బు ఆపేయబోయింది. ఇప్పటికీ భవనం లేదు, పునాది గుంత కూడా లేదు. 2020 జనగణన ప్రకారం అమెరికాలో లాటినోలు 6.2 కోట్లు, అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు. వాళ్లకి దక్కింది 2022లో వేరే మ్యూజియం లోపల తెరిచిన ఒక గ్యాలరీ. విస్తీర్ణం నాలుగున్నర వేల చదరపుటడుగులు.

డాలస్ శివార్లలో మన తెలుగువాళ్లు కట్టుకుంటున్న ఇళ్లు కొన్ని అంతుంటాయి.

ఆ మాట ఊరికే అనలేదు. ఆ ఇళ్లు కడుతున్నది ఎవరు? ఆగస్టు ఎండలో కప్పు మీద నిలబడి షింగిల్స్ కొట్టేది, గ్రానైట్ పలక మోసుకొచ్చి వంటింట్లో బిగించేది, గృహప్రవేశం నాటికి లాన్ పరిచి వెళ్లేది ఎవరు? మనం వాళ్లని అమిగో అని పిలిచి, మంచినీళ్ల సీసా చేతికిచ్చి, అదే పెద్ద దయ అనుకుంటాం. ఆ మనిషి ఊరేది, భాషేది, వాళ్లకి పాటలున్నాయా, నాటకాలున్నాయా, ఏ రోజునా అడగం. 2017లో కాన్సస్‌లో నా దేశంలోంచి పొండని అరుస్తూ ఒకడు మన హైదరాబాదీ ఇంజనీరుని కాల్చి చంపినప్పుడు, బయట తెలుగులో గట్టిగా మాట్లాడకండని మనలో మనం జాగ్రత్తలు చెప్పుకున్నాం. ఆ వణుకు న్యాయమైనదే. 2019 ఆగస్టులో ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో లాటినోల మీద పగతో ఒకడు తూటాలు కురిపిస్తే ఇరవై ముగ్గురు పోయారు. డాలస్ ఉన్న అదే టెక్సస్. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడిచిందో ఎవరి ఫోనులో వాళ్లు వెనక్కి జరిపి చూసుకోండి.

2025 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో వలస అధికారులు మళ్లీ మనుషుల్ని పట్టుకెళ్లడం మొదలైంది. బట్టల గోదాముల్లో, కూలిపని కోసం హోమ్ డిపో పార్కింగుల్లో నిలబడ్డ చోట. ఊళ్లోకి నేషనల్ గార్డ్ దిగింది. నాకు వినపడిన ప్రశ్న మాత్రం ఒకటే: హెచ్‌1బీ వాళ్లకేం ఇబ్బంది ఉండదు కదా? కాగితాలు సక్రమంగా ఉన్నవాళ్లకి ఏమీ కాదు లెండి, అని ఒక పెద్దాయన భరోసా.

అయ్యా, 1930లలో రైళ్లెక్కించి మెక్సికోకి తోలినవాళ్లలో అమెరికా గడ్డ మీదే పుట్టిన పౌరులు పెద్దసంఖ్యలో ఉన్నారు. బడికి వెళ్లే పిల్లలున్నారు. కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. జరిగింది తప్పేనని కాలిఫోర్నియా చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది. ఆ చట్టం 2005 నాటిది. అప్పటికి ఆ పిల్లల్లో బతికున్నవాళ్లు ఎనభయ్యో పడి చుట్టుపక్కల ఉన్నారు.