జారిపోయిన కొండలు

పిల్లలూ, పాదాలు రుద్దుకోవటానికి కొందరు తేలికపాటి రాయి ఒకటి వాడతారు. దాని ఒంటినిండా సన్నని చిల్లులే. నీళ్ళలో వేస్తే మునగక తేలుతుంది. దానిని నురగరాయి అంటారు. అగ్నిపర్వతం పేలినప్పుడు కరిగిన రాతిలో ఉన్న ఆవిరి, వాయువులు ఒక్కసారిగా పొంగుతాయి. ఆ పొంగు అట్లాగే గడ్డకడితే నురగరాయి అవుతుంది. ఇంత తేలికరాయి ఇళ్ళను కూల్చి మనుషులను పూడ్చిన సంగతి ఈ నెల చెబుతాను.

జపాను దేశానికి ఉత్తరాన హొక్కైడో అనే పెద్ద దీవి ఉన్నది. అందులో అత్సుమా ఒక చిన్న పట్టణం. అక్కడి లోయలలో వరి పండుతుంది. పొలాల అంచున, చిన్న చిన్న కొండల మొదట్లో రైతుల ఇళ్ళు. ఆ కొండలు అంత ఎత్తైనవీ కావు, నిటారైనవీ కావు. వాటినిండా చెట్లు. చూచేవారికి వాటివల్ల ఏ భయమూ తోచదు.

2018 సెప్టెంబరు 6వ తేదీన, తెల్లవారుజామున 3 గంటల 7 నిమిషాలకు, జనం నిద్రలో ఉండగా భూమి కంపించింది. భూకంపం పరిమాణం 6.6. తెల్లవారి చూస్తే పచ్చని కొండలు చర్మం ఒలిచినట్టు ఎర్రమట్టి తేలి ఉన్నాయి. 6,000కు పైగా చోట్ల కొండ జారింది. అత్సుమాలో 36 మంది చనిపోయారు.

అదే బలంగల భూకంపం గట్టి రాతికొండల మధ్య వస్తే ఇన్ని చోట్ల కొండలు జారటం అరుదు. మరి ఇక్కడ ఎందుకు జారాయి?

అత్సుమాకు పడమటి దిక్కున తరుమయె అనే అగ్నిపర్వతం ఉన్నది. సుమారు 9,000 ఏండ్ల కిందట అది పేలి నురగరాయి ముక్కలను గాలిలోకి చిమ్మింది. అవి వచ్చి ఈ కొండలమీద దుప్పటి పరిచినట్టు పడ్డాయి. తరువాత దానిమీద మరికొంత బూడిద, మట్టి చేరాయి. పైన అడవి మొలిచింది. కాని లోపల, నురగరాయి చిల్లులలో నీరు నిలిచి, వేల ఏండ్లకు ఆ పొర అడుగుభాగం మెత్తని బంకమట్టిగా మారింది. ఆ బంకమట్టి తడిని విడవదు.

ఈసారి ఏటి ఒడ్డుకు పోయినప్పుడు తడి ఇసుకమీద నిలబడి పాదాలతో టపటపా అదమండి. గట్టిగా ఉన్న ఇసుక కాసేపటికి మెత్తబడుతుంది, నీరు పైకి ఊరుతుంది. మామూలుగా ఇసుకరేణువులు ఒకదాని నొకటి ఆనుకొని బరువు మోస్తాయి. అదిమినకొద్దీ అవి సర్దుకొంటాయి. మధ్యనున్న నీటికి తప్పుకొనే వ్యవధి లేక, బరువు నీటిమీద పడుతుంది. నీటికి పట్టు ఎక్కడిది? అత్సుమాలోనూ ఇదే జరిగింది. కంపానికి నురగరాయి గుల్లలు చితికాయి. లోపలి నీరు ఒత్తిడికి లోనయింది. పొరకు పొరకు మధ్య పట్టు తప్పింది. పైనున్న మట్టి చెట్లతో సహా లోయలోకి జారింది. చెట్లు ఆపలేవా అంటారేమో. పట్టు తప్పిన చోటు వేళ్ళకు అందని లోతున ఉన్నది.

ముందురోజు ఒక పెద్ద తుఫాను జపాను పక్కగా పోయినమాట నిజమే. కాని అత్సుమాలో కురిసిన వాన కొద్దిపాటిదే. మట్టి ఎప్పటినుంచో దాచుకొన్న నీరే ఎక్కువ పని చేసింది.

ఇట్లాంటిదే 2001 జనవరి 13న మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్ దేశంలోనూ జరిగింది. అది అక్కడ వానలు లేని కాలం. అయినా భూకంపానికి అగ్నిపర్వతపు బూడిదమట్టితో ఏర్పడిన ఒక కొండవాలు విరిగి, శాంతా తెక్లా పట్టణంలోని ఇళ్ళమీద పడింది. 500 మందికి పైగా చనిపోయారు.

మన తూర్పుకనుమలలో కొండచరియలు సాధారణంగా పెద్దవానలకు విరిగిపడతాయి. వాన ముందుగా హెచ్చరిస్తుంది. జనం తప్పుకోవటానికి కొంత వ్యవధి దొరుకుతుంది. భూకంపం అట్లా కాదు. భూమి కదలటం, కొండ జారటం ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి. పరుగెత్తే వ్యవధి ఉండదు. కనుక తెలుసుకోవలసింది ముందుగానే తెలుసుకోవాలి. అందుకే శాస్త్రజ్ఞులు అగ్నిపర్వతాలున్న దేశాలలో కొండలను తవ్వి, ఏ పొర ఎంత లోతున ఉన్నదో, ఎంత తడిగా ఉన్నదో పటాలలో గుర్తిస్తున్నారు. కొండ మొదట్లో ఇల్లు కట్టేవారు కొండ ఎత్తును చూస్తే చాలదు, దాని కడుపులో ఏమున్నదో కూడా విచారించాలి.