మాసిక వేయడమూ ఒక విద్యే

కోనసీమలో ఆత్రేయపురానికి దగ్గరలో వాడపల్లి ఉంది. పక్కనే గౌతమి. నదికీ ఊరికీ మధ్య ఏటిగట్టు. వరద రోజుల్లో ఇలాంటి గట్టుకి బుంగ పడితే ఏం చేస్తారు? గట్టంతా తవ్వి కొత్తది కట్టరు కదా! బుంగ ఉన్నచోట ఇసుక బస్తాలు వేసి పూడుస్తారు. ఆలస్యం చేస్తే ఆ చిన్న బుంగే గండి అవుతుంది. 1986 ఆగస్టు వరదను చూసిన పెద్దలను అడగండి, చెబుతారు.

కంప్యూటరు ప్రోగ్రాములలోనూ బుంగలు ఉంటాయి. వాటిని పూడ్చే చిన్న సవరణనే ‘ప్యాచ్’ అంటారు. మన మాటలో మాసిక అన్నమాట. ఈ మాసికలు వేసే పద్ధతి తెలియాలంటే యూనిక్స్‌ను చూడాలి. 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దీనికి పునాది వేశారు. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దాని లోపల పనిచేసే లైనక్స్ కూడా యూనిక్స్ బాటలో నడిచినదే.

1985లో లారీ వాల్ ‘ప్యాచ్’ అనే ప్రోగ్రాము రాశాడు. దానికి ఒక చీటీలాంటి ఫైలు ఇస్తారు. ఏ వరుస తీసేయాలో, ఏ వరుస చేర్చాలో అందులో ఉంటుంది. చుట్టుపక్కల వరుసలు కూడా ఉంటాయి. అవి సరిపోలితేనే మార్పు జరుగుతుంది. సరిపోలకపోతే ఆ మార్పును తిరస్కరించి విడిగా రాసిపెడుతుంది. అదే చీటీని తిరగేసి వాడితే పాత రూపం మళ్ళీ వస్తుంది. ఎంత చక్కని ఏర్పాటో చూడండి!

మరి మాసిక రాగానే కళ్ళు మూసుకుని వేసేయవచ్చా? కూడదంటాను. అలాగని వేయకుండా కూర్చోనూ కూడదు.

2017 మేలో ‘వన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది విండోస్ కంప్యూటర్లకు వచ్చిన తెగులు. దానికి మందు, అంటే మాసిక, రెండు నెలల ముందే మార్చిలో విడుదలయింది. వేసుకోని వారు చిక్కుకున్నారు.

2024 జులై 19న దీనికి సరిగ్గా వ్యతిరేకం జరిగింది. ఒక భద్రతా సంస్థ పంపిన తప్పు సవరణ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడకేశాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది!

యూనిక్స్ కుటుంబానికీ ఇలాంటి అనుభవం ఉంది. ‘బాష్’ అనే ప్రోగ్రాములో 1989 నుంచి దాగి ఉన్న లోపం 2014 సెప్టెంబరులో బయటపడింది. మొదట వేసిన మాసిక చాలలేదు. మళ్ళీ మళ్ళీ వేయవలసి వచ్చింది.

కనుక మంచి నిర్వాహకుడు మూడు పనులు చేస్తాడు. ముందుగా ఒక్క యంత్రం మీద వేసి చూస్తాడు. పాత రూపానికి వెళ్ళే దారి ఉంచుకుంటాడు. ఏ రోజు ఏది వేశాడో పుస్తకంలో రాస్తాడు. గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు. రైతుకి నష్టం లేని వేళ చూసి చేసే పని అది. కంప్యూటర్లకూ అలాంటి వేళ ఒకటి నిర్ణయించాలి.

మీ బడిలో కంప్యూటర్ల గది ఉంటే మాస్టారిని అడిగి ఒక రిజిస్టరు ప్రారంభించండి. వంతులవారీగా మీరే రాయండి. కొత్తది కట్టినవాడికే గౌరవం, బాగుచేసేవాడికి లేదు అనే అలవాటు మనలో ఉంది. అది పోవాలి.

మీకోసం ఒక పెద్ద మాసిక పని ఎదురుచూస్తోంది కూడా. యూనిక్స్ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తుంది. ఆ లెక్కను 32 బిట్లలో దాచే పాత యంత్రాలలో 2038 జనవరి 19న, మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే చోటు చాలదు. తేదీ ఒక్కసారిగా 1901కి పోతుంది! కొత్త లైనక్స్‌లో దీన్ని సరిచేశారు. కాని ఎక్కడెక్కడో మూలన పనిచేస్తున్న పాత యంత్రాల మాటేమిటి? వాటిని వెదికి పట్టుకుని సరిచేయవలసిన వయసుకి అప్పటికి మీరే వస్తారు. ఇప్పటినుంచే చేయి తిప్పడం నేర్చుకోండి.