చూసి వెళ్లినందుకే డబ్బులా?

ఫ్రిజ్ ఆగిపోయిందని మెకానిక్‌ని పిలుస్తాం. అతనొచ్చి వెనక రేకు విప్పి, ఏదో వైరు కదిపి, ఏదో బిగిస్తాడు. ఫ్రిజ్ మళ్లీ గుర్రుమంటుంది. "విజిటింగ్ ఛార్జి మూడొందలండీ" అంటాడు. అంతే, ఇంట్లో పంచాయితీ మొదలు. "పట్టుమని పది నిమిషాలు లేదు, పార్టు కూడా వేయలేదు, చూసి వెళ్లినందుకే మూడొందలా?"

ఈ ప్రశ్నకి నేను విన్న మంచి జవాబు మన ఊళ్లో దొరకలేదు. టెక్సాస్‌లో, ఒక ఆర్‌వీ పార్కులో దొరికింది.

ఆర్‌వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. మనకి క్యారవాన్ అంటే షూటింగ్ గ్యాప్‌లో హీరో కూర్చునే ఏసీ బస్సే గుర్తొస్తుంది. అమెరికాలో మామూలు జనం కూడా అలాంటివి కొనుక్కుంటారు. మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ అందులోనే. కొన్నిటికి సొంత ఇంజిన్ ఉంటుంది. కొన్నిటిని పికప్ ట్రక్కు వెనక తగిలించి లాగుతారు. సెలవులకి వాడుకునేవాళ్లు ఎక్కువే కానీ, ఏడాదంతా అందులోనే బతికేవాళ్లూ ఉన్నారు. రిటైరైన జంటలు, ఊరూరా కాంట్రాక్టు పనులకి తిరిగేవాళ్లు, అద్దెలు కట్టలేక చక్రాల మీదికి మారినవాళ్లు.

నేను డల్లాస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. మా కాలనీలో ఒక పెద్దాయన ఉన్నాడు, యాభై అయిదు దాటి ఉంటాయి. ఒకప్పుడు కేబుల్ కంపెనీలో లైన్లు చూసేవాడు. ఇప్పుడు మొబైల్ ఆర్‌వీ టెక్నీషియన్. మొబైల్ అన్నానని ఫోన్లు బాగుచేస్తాడనుకునేరు! బండిని షాపుకి తీసుకెళ్లక్కర్లేదు, షాపే వ్యాన్‌లో బండి దగ్గరికి వస్తుందన్నమాట.

పోయిన చలికాలం కొన్ని శనివారాలు ఆయన వ్యాన్‌లో పక్క సీటు నాది. హెచ్-1బి మీద ఉన్నాను కాబట్టి స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. అందుకే చేతులు జేబులో పెట్టుకుని చూడటం, ప్రశ్నలు వేయడం వరకే. అదొక్కటే ఆయనకి కాస్త విసుగు!

రోజూ భూకంపం వచ్చే ఇల్లు

మీ ఇంటిని పునాదితో సహా లేపి, గంటకి 100 కిలోమీటర్ల వేగంతో గతుకుల రోడ్డు మీద నాలుగు గంటలు లాక్కెళ్లారనుకోండి. కుళాయి జాయింట్లు వదులవుతాయి, స్క్రూలు ఊడతాయి, కిటికీ అంచుల్లో సందులు పడతాయి. ఆర్‌వీకి ప్రతి ప్రయాణం ఒక చిన్న భూకంపమే.

దానికి తోడు అందులో మూడు రకాల శక్తి నడుస్తుంది. లైట్లకి, నీళ్ల పంపుకి, కంట్రోల్ బోర్డులకి బ్యాటరీ నుంచి 12 వోల్టుల డీసీ. ఏసీకి, మైక్రోవేవ్‌కి పార్కులోని ప్లగ్గు నుంచి 120 వోల్టుల ఏసీ కరెంటు. పొయ్యికి, గది వెచ్చబెట్టే ఫర్నేస్‌కి ప్రొపేన్ గ్యాసు. ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకచోట తేడా వస్తే ఇంకోచోట బయటపడుతుంది. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజ్ ఒక ఫైల్లో, బగ్ ఇంకో ఫైల్లో.

ఇంకో సంగతి. అమెరికాలో ఆర్‌వీలు ఎక్కువ భాగం తయారయ్యేది ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ చుట్టుపక్కలే. కానీ పైన పేరున్న కంపెనీ లోపలున్నవన్నీ తయారు చేయదు. ఫ్రిజ్ ఒకరిది, వాటర్ హీటర్ ఇంకొకరిది, పంపు మరొకరిది. అంటే బయటి ప్యాకేజీలన్నీ తెచ్చి ఒకచోట ఇన్‌స్టాల్ చేసిన ప్రాజెక్టు లాంటిది. వాటర్ హీటర్ సబర్బన్‌దైతే ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల యానోడ్ రాడ్ ఉంటుంది, దాన్ని అప్పుడప్పుడు మార్చాలి. అట్‌వుడ్‌దైతే ట్యాంకు అల్యూమినియంది, ఆ రాడ్డే ఉండదు. బయట నుంచి చూస్తే రెండూ ఒకలాంటి తెల్ల మూతే.

కోవిడ్ టైమ్‌లో జనం హోటళ్లు, విమానాలు వదిలేసి వీటి మీద పడ్డారు. 2021లో కంపెనీలు 6 లక్షల బండ్లు పంపాయి, అది రికార్డు. 2023కి వచ్చేసరికి 3 లక్షల 13 వేలకి పడిపోయింది. అమ్మకాలు తగ్గినా అప్పుడు కొన్న బండ్లు ఎక్కడికీ పోలేదు కదా. అవి ఇప్పుడు ఒక్కొక్కటిగా రిపేరుకొస్తున్నాయి. సీజన్‌లో డీలర్ షాపులో పెడితే వారాలు పడుతుంది. సెలవులకి వాడేవాళ్లకి అది చిరాకు. అందులోనే బతికేవాళ్లకి మాత్రం అన్ని వారాలూ ఇల్లు లేనట్టే.

వేడి రాని రాత్రి

జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. చేసినావిడ నర్సు, 13 వారాల కాంట్రాక్టు మీద ఈ ఊరొచ్చింది. ఆరేళ్ల కూతురితో పార్కులో ఆర్‌వీలో ఉంటోంది. తమ్ముడు తన ట్రక్కుతో లాక్కొచ్చి పెట్టి వెళ్లిపోయాడు. ఇప్పుడు షాపుకి తీసుకెళ్దామన్నా లాగే బండి లేదు. రాత్రికి సున్నా డిగ్రీల కిందికి పోతుందని ఫోన్లలో హెచ్చరిక.

"ఫర్నేస్ ఫ్యాన్ తిరుగుతోంది, వేడి రావట్లేదు. కంట్రోల్ బోర్డు పోయిందని పక్కాయన అంటున్నాడు" అందావిడ.

పెద్దాయన ఒక్కటే అడిగాడు. "లోపల లైట్లు ఎప్పటిలాగే వెలుగుతున్నాయా అమ్మా, మందంగా ఉన్నాయా?"

"కొంచెం డల్‌గానే ఉన్నాయి."

ఫోన్ పెట్టేసి నాతో "బోర్డు కాదు" అన్నాడు. ఇంకా వ్యాన్ స్టార్ట్ కూడా చేయలేదు.

అదెలాగంటే, ఫర్నేస్ వెలగడానికి ఒక వరస ఉంది. ముందు ఫ్యాన్ తిరుగుతుంది. గాలి సరిపడా వేగంగా వస్తే ఆ గాలికి ఒక రేకు కదిలి స్విచ్ పడుతుంది. దాని పేరు సెయిల్ స్విచ్. అది పడితేనే బోర్డు గ్యాస్ తెరిచి నిప్పు పుట్టిస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే ఫ్యాన్ తిరుగుతుంది కానీ నెమ్మదిగా తిరుగుతుంది. రేకు కదలదు, గ్యాస్ తెరుచుకోదు. నిజానికి అది మంచిదే, గాలి ఆడని చోట మంట పుట్టకూడదు. పైకి మాత్రం బోర్డు పోయినట్టే కనిపిస్తుంది.

40 మైళ్లు వెళ్లాం. మీటర్ పెడితే బ్యాటరీ 10.9 వోల్టులు. ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడు 13 పైన చూపించాలి. అంటే పార్కు కరెంటుతో బ్యాటరీని ఛార్జ్ చేసే కన్వర్టర్ పనిచేయట్లేదు. దాని మూత తీస్తే రెండు ఫ్యూజులు కాలి ఉన్నాయి.

"ఈ మధ్య బ్యాటరీ మార్చారా?"

"పోయిన వారం మా తమ్ముడు మార్చాడు. తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ వచ్చింది. వెంటనే వైర్లు అటూ ఇటూ మార్చాడు, లైట్లు వచ్చేశాయి."

దొరికింది! కార్లలో నల్ల వైరు నెగెటివ్. ఆర్‌వీ లోపలి డీసీ వైరింగ్‌లో నల్లది పాజిటివ్, తెల్లది నెగెటివ్. కార్లు తెలిసినవాళ్లు పడే గుంత ఇదే. తిరగేసి తగిలించిన ఆ క్షణంలో కన్వర్టర్‌ని కాపాడటానికి ఫ్యూజులు కాలిపోయాయి. తర్వాత సరిగ్గా తగిలించినా ఛార్జింగ్ లేదు. కొత్త బ్యాటరీ కాబట్టి కొన్ని రోజులు లాక్కొచ్చింది, చలి పెరిగి ఫర్నేస్ ఎక్కువ తిరిగేసరికి చేతులెత్తేసింది.

ఫ్యూజులు మార్చడానికి రెండు నిమిషాలు. మీటర్ 13.6 చూపించింది. నేనైతే ఇక బయల్దేరదామనుకున్నా. ఆయన మాత్రం ఫర్నేస్ ఆన్ చేయనివ్వలేదు. గోడ మీదున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం ఊడదీసి వెనక తేదీ చూపించాడు. వాటికీ ఎక్స్‌పైరీ ఉంటుంది, ఇది ఎప్పుడో దాటిపోయింది. రాత్రంతా తలుపులు మూసుకుని గ్యాస్ మంట పక్కన పిల్లతో పడుకునే ఇల్లది. వ్యాన్‌లో ఉన్న కొత్త అలారం బిగించి, గ్యాస్ లీకు చూసి, అప్పుడు వెలిగించాడు. వెళ్లేముందు పాజిటివ్ వైరుకి ఎర్ర టేపు చుట్టాడు, ఇంకోసారి ఎవరు బ్యాటరీ మార్చినా పొరపడకుండా.

బిల్లు ఎంతంటే, వచ్చినందుకు 120 డాలర్లు, గంట పనికి 150, అలారం ధర వేరే. ఫ్యూజులకి మాత్రం రెండు మూడు డాలర్లు. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా కట్టింది. బోర్డు ఆర్డర్ పెట్టి ఉంటే దాని ధర ఒకటి, అది వచ్చేదాకా మోటెల్ రూమ్ ఒకటి, బిగించాక కూడా రాని వేడి ఇంకొకటి.

పది నిమిషాల వెనక పదకొండు గంటలు

"గంటకి 150 అంటే నా జీతం కన్నా ఎక్కువేగా" అన్నా తిరిగొస్తూ. ఆయన నవ్వి లెక్క చెప్పాడు.

పొద్దున 7కి బయల్దేరి సాయంత్రం 6కి ఇల్లు చేరితే 11 గంటలు. అందులో బిల్లు వేయగలిగేది అయిదు గంటలు. మిగతాది డ్రైవింగ్, ఫోన్లు, పార్టుల కోసం వెతుకులాట. మంచి రోజున మూడు ఇళ్లు. మూడు ట్రిప్పులకి 360, అయిదు గంటలకి 750, మొత్తం 1,110 డాలర్లు. అందులోంచి డీజిల్, వ్యాన్ కిస్తీ, ఇన్సూరెన్స్, ట్యాక్స్ పోవాలి. వ్యాన్‌లో ఎప్పుడూ ఉండాల్సిన సరుకుంది, పంపులు, ఫ్యూజులు, సీలెంట్లు, స్విచ్‌లు. ఎప్పుడు అమ్ముడవుతాయో తెలియని పార్టుల్లో డబ్బు ఇరుక్కుని ఉంటుంది. అన్ని రోజులూ మంచి రోజులు కావు.

అందుకే ఆయన కొన్ని పద్ధతులు పెట్టుకున్నాడు. కదలకముందే ఫోన్లో మోడల్ నంబర్ స్టిక్కర్ ఫొటో, ఒక చిన్న వీడియో తెప్పించుకుంటాడు. పార్టు లేకుండా వెళ్తే రెండు ట్రిప్పులవుతాయి, రెండోదానికి డబ్బులడగడం ఆయనకి ఇష్టం ఉండదు. ఒక దిక్కు ఇళ్లన్నీ ఒకే రోజు పెట్టుకుంటాడు. ఇంజిన్, బ్రేకుల పనులు ముట్టుకోడు. గ్యాస్ పనికి లైసెన్సు ఉంది. టెక్సాస్‌లో అది ఇచ్చేది రైల్‌రోడ్ కమిషన్. పేరు చూసి రైళ్ల ఆఫీసు అనుకోకండి, చమురు, గ్యాస్ వ్యవహారాలు చూసేది అదే. డల్లాస్‌కి ఆగ్నేయంగా ఏథెన్స్ అనే చిన్న ఊళ్లో ఆర్‌వీ రిపేరు నేర్పే శిక్షణ సంస్థ ఉంది, ఆయన చదువు అక్కడే.

అసలు స్థిరమైన ఆదాయం అత్యవసర ఫోన్లది కాదు, మెయింటెనెన్స్‌ది. మన ఏఎంసీ లాంటిది. రూఫ్ మీద అతుకుల దగ్గర సీలెంట్ పగిలిందేమో చూడటం, ఏడాదికోసారి చక్రాల బేరింగులకి గ్రీజు, చలి ముదిరేముందు వాడని బండ్ల పైపుల్లో నీళ్లు తీసి గులాబీ రంగు యాంటీఫ్రీజ్ నింపడం. ఆర్‌వీకి అతిపెద్ద శత్రువు నీళ్లు. రూఫ్‌లో వెంట్రుకంత సందు చాలు, లోపలి చెక్క మెల్లగా కుళ్లుతుంది. గోడ మెత్తబడ్డాక పిలిస్తే వేల డాలర్లు, ముందు పిలిస్తే ఒక ట్యూబు సీలెంట్.

"ఏమీ పాడవనప్పుడు నన్ను పిలిచేవాళ్లే నాకు మంచి కస్టమర్లు" అంటాడాయన.

ఇందులో మనకేంటి?

ఇదంతా చూశాక "మనమూ పెడదామా" అని నా రూమ్మేట్‌కి ఊపొచ్చింది. అతనిదీ నా వీసానే. ఉద్యోగం పక్కన ఇలాంటి సర్వీసు నడపడం హెచ్-1బిలో కుదరదు. హెచ్-4 మీద వర్క్ పర్మిట్ ఉన్న భార్య లేదా భర్త మాత్రం సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు, 2015 నుంచి ఆ వీలుంది. అమెరికాలో ఉండి ఆలోచిస్తున్నవాళ్లు ముందు లాయర్‌ని కలవండి, తర్వాత వ్యాన్ చూడండి.

ఇండియాలో సంగతి వేరు. కేరళ 2021లోనే క్యారవాన్ టూరిజానికి ప్రత్యేక పాలసీ తెచ్చింది. ట్రావెలర్ వ్యాన్లని క్యాంపర్లుగా మార్చేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. బండి మార్చి ఇచ్చేవాళ్ల గురించి రీల్స్ బోలెడు కనిపిస్తాయి. అరకు ఘాట్‌లో ఆ బండి ఇన్వర్టర్ కొట్టేస్తే ఎవరొస్తారన్నది మాత్రం ఏ రీల్‌లోనూ ఉండదు. ఇంజిన్ మెకానిక్‌కి లోపలి వైరింగ్ తెలియదు, ఇంటి ఎలక్ట్రీషియన్‌కి బండి తెలియదు. రెండూ తెలిసినవాడికి చోటు ఖాళీగా ఉంది. ఇంజినీరింగ్ చదివి, చేతికి గ్రీజు అంటితే నామోషీ అనుకోనివాళ్లు ఈ చోటు గురించి ఆలోచించొచ్చు.

మేం ఆఫీసులో ఒక బగ్ మూలం పట్టుకోవడానికి రెండు రోజులు తీసుకుని, చివరికి ఒక్క లైను మారుస్తాం. ఆ ఒక్క లైనుకి రెండు రోజుల జీతమా అని ఏ మేనేజరూ అడగడు. ఏ లైను మార్చాలో తెలియడమే పని అని అతనికి తెలుసు. ఇంటికొచ్చే మెకానిక్ దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి మనకెందుకో పనిచేయదు.

కాబట్టి ఈసారి విజిటింగ్ ఛార్జి దగ్గర బేరం మొదలుపెట్టేముందు ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "అసలు సమస్య ఏంటన్నా, మళ్లీ రాకుండా ఏం చేయాలి?" పని తెలిసినవాడైతే మీటర్ పెట్టి మరీ చూపిస్తాడు. ఆ మూడొందలు ఎందుకిస్తున్నారో అక్కడే అర్థమవుతుంది. చెప్పలేక నసిగాడనుకోండి, అప్పుడు మీ ఇంటి పంచాయితీ న్యాయమే. కానివ్వండి!