మెట్లు ఉండవలసిందే

ప్రమోషన్ అనే మాట మా గుమాస్తాల ఇళ్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు. రివర్షన్ అనే మాట మాత్రం ఎవరూ గట్టిగా అనరు. మా ఆఫీసులో ఒక పెద్దాయన రెండేళ్లు హెడ్ గుమాస్తాగా పనిచేసి, ఒకనాటి ఉత్తర్వుతో తిరిగి పాత బల్లకు వచ్చారు. ఆ ఉదయం మేమందరం తలలు వంచుకొని ఫైళ్లు చూస్తున్నట్లు నటించాము. ఆయనే మా దగ్గరకు వచ్చి, "ఏమోయ్, నా పాత కుర్చీ కాలు బాగు చేయించారా లేదా?" అని అడిగారు. అప్పుడు గాని మాకు ఊపిరి ఆడలేదు.

ఈ సంగతి ఈ నెల ఎత్తడానికి కారణం మా అబ్బాయి. వాడు ఫోనులో ఇంగ్లాండు రగ్బీ ఆటలు చూస్తూ, "నాన్నా, ఆఖరున వచ్చిన జట్టును కింది తరగతికి దించడం న్యాయమేనా? మన ఐ.పి.ఎల్.లో ఎవరినీ దించరు కదా!" అన్నాడు. పెద్దవాళ్లం గనుక, ఆలోచించి చెబుతామన్నాము. ఆలోచించినదేదో చదువరుల ముందు కూడా పెడుతున్నాము.

వాడు చూసేది జట్టుకు పదమూడుగురు ఆడే రగ్బీ లీగు. 1895లో ఉత్తర ఇంగ్లాండు క్లబ్బులవారు హడర్స్‌ఫీల్డులోని జార్జి హోటలులో కూడి, పాత సంఘం నుండి విడిపోవడంతో ఈ ఆట పుట్టింది. తగవు కూలి గురించి. గనులలోను మిల్లులలోను పనిచేసేవాడు శనివారం ఆటకు వెళితే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టం క్లబ్బు ఇవ్వవచ్చునని వీరు, ఇవ్వరాదని పెద్దలు. కనుక ఇది పుట్టుకతోనే జీతంరాళ్ల ఆట. ఇప్పుడు దీని పై తరగతి పేరు సూపర్ లీగు, 1996లో మొదలయింది.

2016లో ఆ పై తరగతిలో ఒక్క స్థానం కోసం హల్ కింగ్‌స్టన్ రోవర్స్, సాల్‌ఫర్డు జట్లు తలపడ్డాయి. గెలిచినవారు పైన, ఓడినవారు కింద. ఆ ఆట పేరే మిలియన్ పౌండ్ల ఆట. చివరి నిమిషాలదాకా హల్ జట్టుదే పైచేయి. అంతలో సాల్‌ఫర్డువారు కూడబలుక్కున్నట్లు వరుసగా పాయింట్లు తెచ్చి సమం చేశారు; అదనపు సమయంలో ఒక్క తన్నుతో 19-18గా గెలిచారు. హల్ జట్టు కిందికి దిగింది.

దించరాదనేవారి వాదన తీసిపారవేయదగినది కాదు. దిగుతామేమోనన్న భయంతో క్లబ్బులు అప్పులు చేసి అరువు ఆటగాళ్లను తెస్తాయి. ఊరి కుర్రవాళ్లకు నేర్పే తీరిక ఉండదు. భయం లేకపోతే నిదానంగా బాగుపడవచ్చు. మన హైదరాబాదు డెక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచి 2009లో కప్పు తెచ్చింది. దించే నియమమే ఉంటే ఆ కప్పు ఎక్కడిది? హల్ జట్టు కూడా 2017లోనే తిరిగి పైకి వచ్చి, కరోనా ఏడాది 2020లో మళ్లీ ఆఖరున నిలిచింది. ఆ ఏడు ఎవరినీ దించలేదు గనుక బతికిపోయింది.

అయితే తలుపు మూసినంత మాత్రాన ఇల్లు చల్లగా ఉంటుందా? 2009 నుండి 2014 వరకు సూపర్ లీగులో లైసెన్సు పద్ధతి నడిపారు. స్థానాలు ఆటను బట్టి కాక కాగితాలను బట్టి ఇచ్చారు. లైసెన్సు పొందిన వేల్సు జట్టు క్రూసేడర్స్ 2011లోనే తప్పుకున్నది. నాలుగుసార్లు చాంపియన్లయిన బ్రాడ్‌ఫర్డువారు 2012లో దివాలా అంచుకు వచ్చారు. డెక్కన్ చార్జర్స్ కథ కూడా 2012తో సరి.

తరువాత మార్కుల పద్ధతి వచ్చింది. 2025 సీజనుకు స్థానాలు దీనిని బట్టే ఇచ్చారు. మొత్తం ఇరవై మార్కులు. అభిమానులకు ఇన్ని, డబ్బు లెక్కలకు ఇన్ని, స్టేడియానికి ఇన్ని, చుట్టుపక్కల జనాభాకు ఇన్ని. మైదానంలో ఆటకు అయిదు! లండన్ బ్రాంకోస్ 2023లో ఫైనలు గెలిచి పై తరగతికి ఎక్కింది. కొద్ది కాలానికే వెలువడిన తాత్కాలిక మార్కులలో దాని స్థానం 24. అంటే 2024 అంతా ఎంత బాగా ఆడినా నిలవడం కల్ల అని తెలిసే ఆడారు. పరీక్ష పాసయి కుర్చీలో కూర్చున్నవాడితో, "మీ వీధి చిన్నది, వచ్చే ఏడు లేచిపో" అన్నట్లున్నది. కాన్ఫిడెన్షియల్ రిపోర్టులతో వేగిన మాకు ఆ బాధ ఒకరు చెప్పనక్కరలేదు.

మరి ఆ మిలియన్ పౌండ్ల ఆట ఏమయింది? దిగిపోయిన హల్ జట్టు 2025లో చాలెంజ్ కప్పు గెలిచి, లీగు పట్టికలో మొదట నిలిచి, గ్రాండ్ ఫైనలులో విగన్‌ను 24-6తో ఓడించింది. అంతకుముందు పెద్ద కప్పు చూసింది 1985లో. ఆనాడు గెలిచి పైన నిలిచిన సాల్‌ఫర్డు అదే 2025లో జీతాలు వేళకు ఇవ్వలేక, ఆటగాళ్లను ఒక్కరొక్కరినే వదులుకొని, పై తరగతిలో స్థానం పోగొట్టుకున్నది. దిగడం చావు కాదు. పైన ఉండడం బ్రతుకూ కాదు.

కనుక మా తీర్పు ఇది. ఎక్కేదీ దిగేదీ మైదానమే తేల్చాలి. లెక్కల పుస్తకాలు మాత్రం ఏటా గట్టిగా తనిఖీ చేయాలి. జీతాలు ఇవ్వలేని క్లబ్బును పై మెట్టు మీద కూర్చోబెట్టరాదు.

ఇది వ్రాసి మా ఇంటావిడకు చదివి వినిపించాము. ఆమె కూర తరుగుతూ, "మీ పెద్దాయన కుర్చీ కాలు గురించి అంత తేలికగా ఎలా అడగగలిగారంటారు? కుర్చీ దిగారు గాని ఒకటో తారీకు జీతం ఆగలేదు. ఆ క్లబ్బులో టికెట్లిచ్చేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, లెక్కలు వ్రాసేవాళ్లు, వీళ్ల ఒకటో తారీకు మాటేమిటి?" అన్నది.

మా కలం ఆగింది. ఆటలో ఓడింది వారు కారు. కనుక పై లీగుకు వచ్చే సొమ్ములో కొంత ముందుగానే తీసిపెట్టి, దిగిన క్లబ్బు సిబ్బందికి ఒక్క ఏడాది జీతం పూచీ పడాలని కలుపుతున్నాము. 1895లో తగవు పడ్డది దీనికోసమే కదా! మెట్లు ఉండవలసిందే, జారినవాడు పట్టుకొనేందుకు పక్కన చేపట్టు కూడా ఉండాలి.

అబ్బాయికి ఇదే చెప్పాము. వాడు సగం ఒప్పుకున్నాడు. మిగతా సగానికి చదువరుల ఉత్తరాలు కోరుతున్నాము.